మైనస్ బండలు

తాడిపత్రిలో మా చిన్నాయనకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రెండడుగుల బండ రెండడుగులుండదు. గని నుంచి వచ్చిన నాపబండను నాలుగు పక్కలా కోసి, అంచులు సాపు చేసేసరికి 23 అంగుళాలు తేలుతుంది. బిల్లులో మాత్రం రెండుకు రెండు. ఈ సంగతి అమ్మే చిన్నాయనకు తెలుసు, కోసే మేస్త్రికి తెలుసు, లారీకెత్తే హమాలీలకు తెలుసు. నోరు తెరిచి చెప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా.

అంతకుముందు స్టాకంతా మేస్త్రి బుర్రలో ఉండేది. బుర్రలో పట్టనిది షెడ్డు గోడ మీద సుద్దగీతల్లో ఉండేది. "మామా, రెండుకు రెండు ఎన్నున్నాయి?" అని అడిగితే ఆయన నోట్లో బీడీ తీసి, యార్డు వైపు ఒక చూపు చూసి, "రెండు లోడ్లకు కొంచెం తక్కువ" అనేవాడు. ఎత్తి చూస్తే సరిగ్గా అంతే ఉండేవి. కానీ బ్యాంకులో సరుకు పూచీ మీద ఇచ్చే సీసీ లోను తీసుకున్నాక నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. సుద్దగీతల గోడను పగలగొట్టి బ్యాంకుకు మోసుకుపోలేం కదా.

అలా స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడానికి బెంగళూరు నుంచి ఒక కుర్రాడు దిగాడు. మా అనంతపురం పిల్లోడే గానీ తెల్లబూట్లు వేసుకొచ్చాడు. బండలు కోసే చోట రాతిపొడి, నీళ్లు కలిసి ఎలాంటి బురద అవుతుందో చూసినవాళ్లెవరూ ఆ పని చేయరు. వస్తూనే అందరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టి చరిత్ర ఎత్తుకున్నాడు. 1964లో అమెరికాలో జోసెఫ్ ఆర్లికీ అనే ఆయన ఎమ్మార్పీ పద్ధతి తయారుచేశాడట.

"సబ్బు డబ్బా మీద ఉంటాది, అదేనా?" అన్నాడు చిన్నాయన.

"కాదు సార్. తయారీకి ఏ సరుకు, ఎంత, ఎప్పుడు కావాలో ముందే లెక్కగట్టే పద్ధతి. మొదట బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ వాడింది."

"వాళ్లు గూడా బండలు కోస్తారా?" అన్నాడు మేస్త్రి.

"డ్రిల్లింగ్ మిషన్లు చేస్తారు."

"అట్ల చెప్పు" అని మేస్త్రి బీడీ ముట్టించుకోడానికి బయటికి పోయాడు. 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు, కంపెనీ లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఈఆర్‌పీ అని పేరు పెట్టిన ఘట్టం వచ్చేసరికి గదిలో నేనొక్కడినే మిగిలాను, అదీ చేతిలో టీ ఇంకా అయిపోలేదు గనక.

లెక్క మాత్రం నాకు బాగా అర్థమైంది. కావలసిన సరుకులో నుంచి చేతిలో ఉన్నది తీసెయ్యాలి, ఇప్పటికే ఆర్డరు పెట్టి రావాల్సింది తీసెయ్యాలి, మిగిలింది తెప్పించుకోవాలి. మా అవ్వ సంక్రాంతికి బియ్యం తెప్పించేది ఇలాగే.

అసలు కొంప మునిగింది కొలతల దగ్గర. కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి, "సార్, రెండుకు రెండు బండ అసలు సైజు ఎంత?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడు చిన్నాయన ఎదురుగా మా దగ్గర బండలు కొనే బెంగళూరు పార్టీ కూర్చుని సాసర్లో టీ పోసుకుంటున్నాడు. చిన్నాయన ఒకసారి పార్టీని చూశాడు, ఒకసారి కుర్రాడిని చూశాడు.

"రెండుకు రెండంటే రెండుకు రెండేనప్పా! ఇంజనీరింగ్ చదివినావు, ఇది గూడా చెప్పల్లా?"

కుర్రాడు సిగ్గుపడి, అమ్మకాల వైపు బండకు 4 చదరపు అడుగులని కొట్టేశాడు.

తయారీ వైపు మేస్త్రి చేతికి ఒక ఫోను ఇచ్చారు. కోసిన ప్రతి లాటుకూ పొడవు, వెడల్పు అంగుళాల్లో ఎక్కించాలి. ఆయన టేపు పెట్టి కొలిచి, ఉన్నది ఉన్నట్టు 23, 23 అని కొట్టుకుంటూ పోయాడు. ఇన్నేళ్లలో ఆయన లెక్కను మనుషులే తప్పుపట్టలేదు, ఒక ఫోను చేత అనిపించుకుంటాడా!

23ను 23తో హెచ్చించి 144తో భాగిస్తే 3.67. అంటే బండ పుట్టినప్పుడు 3.67 చదరపు అడుగులు, అమ్ముడుపోయేటప్పుడు 4. వెయ్యి బండలు గేటు దాటితే 326 చదరపు అడుగుల లేని సరుకు అమ్మినట్టు. గృహప్రవేశాల సీజన్ కావడంతో లోడు మీద లోడు పోయింది. కొన్నాళ్లకు యార్డులో చూస్తే కాంపౌండు గోడ ఎత్తున బండలు, కంప్యూటర్లో చూస్తే మైనస్.

నిజానికి ఇలా కాకుండా సాఫ్ట్‌వేర్లో ఒక తాళం ఉంది. స్టాకులో ఉన్నదానికంటే ఎక్కువ అమ్మబోతే బిల్లు కొట్టనివ్వదు. అది మొదటిసారి అడ్డం పడ్డప్పుడు లారీ డ్రైవరు వెయిటింగ్ చార్జీ అడిగాడు. "బండ కండ్ల ముందర ఉంటే లేదంటాదేంది ఇది!" అని చిన్నాయన ఆ తాళం తీయించేశాడు. ఆయన అన్నదాంట్లోనూ తప్పేమీ లేదు, బండ కళ్ల ముందరే ఉంది.

రోజూ రాత్రి సాఫ్ట్‌వేర్ తన లెక్క తను వేసుకుంటుంది. ఉన్నది తీసెయ్యాలి. ఉన్నదే మైనస్‌లో ఉంటే? మైనస్‌ను తీసేస్తే ప్లస్. బళ్లో మనకు వీపు మీద దరువేసి నేర్పిన పాఠం, అది మాత్రం దెబ్బ తినకుండానే నేర్చుకుంది. లేని బండలన్నీ కలుపుకుని గని ఓనరు ఫోనుకు ఆర్డరు పంపింది. మర్నాడు మళ్లీ అమ్మకం, రాత్రికి మళ్లీ ఆర్డరు. పాత బాకీ కోసం మా చుట్టూ తిరిగి అలసిపోయిన గని ఓనరు, అన్నకు మంచి రోజులొచ్చినాయనుకున్నాడు.

ఒక శుక్రవారం పొద్దున గేటు ముందు వరసగా లారీలు, అన్నిట్లోనూ ముడిబండ. యార్డులో కాలు పెట్టే చోటు లేదు. డ్రైవర్లు దింపమంటారు, హమాలీలు యాడ దింపాలంటారు, వెనక స్కూలు ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. చిన్నాయన లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. "ఎవడు రమ్మన్నాడు మిమ్మల్ని?"

డ్రైవరు మాట్లాడకుండా ఫోను చూపించాడు. ఆర్డరు కింద చిన్నాయన సంతకమే. కుర్రాడు స్కాన్ చేసి పెట్టాడు.

మా ఊళ్లో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. రాతి మీద ఆ చెక్కడం చూసి తీరాలి గానీ, గోపురం మాత్రం పూర్తి కాకుండానే నిలిచిపోయింది. చరిత్రకారులు ఏమన్నా అననీ, రాయి ఆర్డరుకు ఎవరో అప్రూవల్ ఇచ్చి ఉండరని ఆ పొద్దున లారీల మధ్య నిలబడి నాకనిపించింది.

కుర్రాడు మళ్లీ వచ్చాడు, ఈసారి రబ్బరు చెప్పులతో. డేటాబేసంతా గాలించాడు. ఎక్కడా తప్పు లేదు. చివరికి మేస్త్రి టేపు అతని చేతిలో పెట్టి బండల దగ్గరికి తీసుకుపోయాడు. కుర్రాడు ఒకసారి కొలిచాడు. టేపు తిరగేసి ఇంకోసారి కొలిచాడు.

"మామా, ఇది 23 ఉంది."

"ఉంటాది."

"సార్ 24 అన్నాడు."

"అంటాడు."

ఆ సాయంత్రమే రెండు గళ్లు పెట్టాడు, అసలు కొలత ఒకటి, బిల్లు కొలత ఒకటి. స్టాకు మైనస్ నుంచి బయటపడింది, ఆర్డర్లు ఆగాయి. చిన్నాయన సంతోషం పట్టలేక కుర్రాడికి ఓళిగలు పెట్టించి, బస్సెక్కించి పంపాడు. ఆ వెంటనే బెంగళూరు పార్టీకి ఒక లోడు పోయింది. బిల్లు ముచ్చటగా ప్రింటయింది. లోపల ఉండాల్సిన గడి కూడా కాగితం మీదికి వచ్చేసిందని ఎవరూ చూసుకోలేదు: బిల్లు కొలత 24×24, అసలు కొలత 23×23, కింద మొత్తం తేడా ఎన్ని చదరపు అడుగులో బొద్దు అక్షరాల్లో.

మర్నాడు పార్టీ నుంచి ఫోను. చిన్నాయన నుదురు తుడుచుకుని స్పీకర్ ఆన్ చేశాడు. "అన్నా, అది సాఫ్ట్‌వేర్ చేసిన పనన్నా, మన బండలో ఏం తేడా లేదు..."

"బండ సంగతి నాకు తెల్దా అన్నా? నా దగ్గర టేపు లేదా? ఈ కాగితం మా కస్టమరు చూస్తే నా గతేం కావల్ల? అర్జెంటుగా వేరే బిల్లు పంపు."

"ఇప్పుడే పంపుతాండా."

"ఆ పిల్లోడి నంబరు గూడా పంపు. మా గోడౌన్లో ఎవడో టేపు పెట్టి కొలిచి ఎక్కిస్తాండాడు, స్టాకంతా మైనస్ చూపిస్తాంది."