వచనం ముక్క చేసి పంచడం ఆపండి

మళ్లీ అదే. ఇప్పుడే ప్రార్థన గ్రూపులో పూల బొమ్మ మీద యిర్మీయా 29:11 వచ్చింది, మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే వాగ్దానం. కింద ‘ఆమేన్ అని టైప్ చేయండి, ఈ వారమే నెరవేరుతుంది’ అని ఉంది. ఈ వారమేనా? దాని పై వచనం చదివారా అసలు? 10లో 70 సంవత్సరాలని ఉంది! బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు చెరలో ఉన్న ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని 5 నుంచి 7 దాకా చెప్పాకే ఆ వాగ్దానం వస్తుంది. రెండేళ్లలో అంతా తిరిగొస్తుందన్నవాడూ ఉన్నాడు, 28వ అధ్యాయంలో హనన్యా. దేవుడు పంపని ప్రవక్త. అతని మాట మీరెందుకు మోస్తున్నారు?

70 ఏళ్లు తీసేస్తే ఆ వచనంలో బలం పోయింది. విడుదల కళ్లారా చూడకపోయినా ఈ రోజు తోట నాటగలిగే మనసు, అదీ ఆ మాట విశ్వాసిలో పుట్టించేది. మత్తయి 4లో, ఉపవాసంలో ఉన్న యేసును శోధిస్తూ సాతాను కూడా 91వ కీర్తనలోంచి ముక్కే తెచ్చాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు, 6, 8 అధ్యాయాల్లోంచి. ఆ పుస్తకం ఆయన హృదయంలో ఉంది కాబట్టి ఆకలి వేళ నోటికి వచ్చింది.

అలా లోపలికి దిగాలంటే బైబిల్లోని ఒక చిన్న పత్రికతో, అంటే ఉత్తరంతో, మొదలుపెట్టండి. ఫిలిప్పీయులకు రాసినది 4 అధ్యాయాలు, 104 వచనాలు, పైకి చదివితే ఇరవై నిమిషాలు కూడా పట్టదు. వారం రోజులు రోజూ మొత్తం చదవండి. అప్పుడు 4:13, ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’, ఒంటరిగా కనిపించదు. సంకెళ్లలో ఉన్న పౌలు, ఆకలైనా సమృద్ధైనా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని 11, 12లో చెప్పి, ఆ తర్వాత అంటున్న మాట అది. పోటీలో గెలుపు గురించి కాదు. రెండో వారం రోజుకు ఐదారు వచనాలు చాలు: ఎవరు, ఎవరితో, ఎందుకు చెబుతున్నారు? కంఠతా పట్టేటప్పుడు ముందు వచనం, వెనక వచనం కలిపి పట్టండి. పాతవి రోజూ ఒకసారి చెప్పుకోకపోతే జారిపోతాయి. చివరికి ఆ రోజే చేయాల్సిన పని ఒకటి ఎంచుకోండి. 2:14 సణుగులు మానమంటోంది. అయితే ఈ పూట ఏ పని దగ్గర సణుగుతున్నారో అక్కడే ఆపాలి. విని చేయనివాడు అద్దంలో ముఖం చూసుకుని మర్చిపోయేవాడని యాకోబు ఊరికే అనలేదు.

ఏడాదిలో బైబిలంతా చదివేవాళ్లకూ ఒక మాట. 1189 అధ్యాయాలు, రోజుకు మూడు నాలుగు. నిర్గమకాండం 25 దాటి గుడారం కొలతలు రాగానే చాలామంది ఆగుతారు. నాలుగు రోజులు తప్పాక పన్నెండు, పదిహేను అధ్యాయాలు ఒకేసారి లాగిస్తారు. కళ్లు కదులుతాయి, లోపలికి ఏమీ పోదు. తప్పినవి వదిలేయండి. ఈ రోజు భాగం ఈ రోజు చదవండి.

నన్ను ఎక్కువగా మండించేది మాత్రం గ్రూపులు కాదు, చావు ఇల్లు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి రోమా 8:28 చెప్పి వెళ్లిపోతారు, అంతా మేలుకేనని! 26లో ఆత్మ తానే ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో విజ్ఞాపన చేస్తున్నాడని ఉంది. ఆ మూలుగు దాటేసి 28కి దూకే హక్కు మీకెవరిచ్చారు? మేలంటే ఏమిటో 29 చెబుతుంది: కుమారుని సారూప్యంలోకి మారడం. అది ఒక జీవితకాలం జరిగే పని, పాడె పక్కన అప్పటికప్పుడు అంటించే మాట కాదు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి అదొక్కటే, నోళ్లు విప్పాక దేవుని కోపం తెచ్చుకున్నారు. ఆ తల్లి వాక్యం చదవమని అడిగితే 88వ కీర్తన చదవండి. 18 వచనాలు, ముగింపు కూడా చీకటే. దాన్ని కూడా దేవుడే బైబిల్లో పెట్టించాడు. అడగకపోతే ఆమె పక్కన కూర్చుని ఏడవండి, రోమా 12:15లో అలా చేయమనే ఉంది.