టేలర్ స్విఫ్ట్ అమ్ముకోని సగం

పేరున్న గాయని జీవితం నుంచి కెరీర్ పాఠాలు చెప్పమంటే చాలామంది దగ్గర ఒక మూస తయారుగా ఉంటుంది: చిన్ననాటి కల, కొన్ని తిరస్కారాలు, రాత్రింబవళ్ల కష్టం, చివర్లో స్టేడియం నిండా జనం. టేలర్ స్విఫ్ట్ విషయంలో ఈ మూసకు కావలసిన సరుకంతా ఉంది. కూతురి పాట కోసం కుటుంబం మొత్తం అమెరికా సంగీత నగరం నాష్‌విల్ దగ్గరికి మకాం మార్చింది, 2006లో తొలి ఆల్బమ్ వచ్చింది, 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా 149 కచేరీలతో సాగిన ఎరాస్ టూర్ టికెట్ల మీదే 200 కోట్ల డాలర్లు దాటింది. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు ఈ సరుకును ఇప్పటికే కావలసినంత అమ్ముకున్నారు. అయితే కష్టపడమని చెప్పడానికి టేలర్ స్విఫ్ట్ ఎందుకు? అంతే కష్టపడి చేతిలో ఏమీ మిగలని గాయనీగాయకులు లెక్కకు మించి ఉన్నారు. వాళ్లకూ ఆమెకూ తేడా ఎక్కడ వచ్చిందంటే, తాను ఏది అమ్మిందో, ఏది అమ్మలేదో ఆమెకు కచ్చితంగా తెలుసు.

మాస్టర్ల గొడవ, అంటే పాటల అసలు రికార్డింగులు ఎవరి సొత్తన్న గొడవ, చాలామంది వినే ఉంటారు. ఆమె 2018లో తన తొలి లేబుల్ (పాటలు రికార్డు చేసి విడుదల చేసే కంపెనీ) బిగ్ మెషీన్ రికార్డ్స్‌ను వదిలి యూనివర్సల్ అనే పెద్ద సంగీత సంస్థ గొడుగు కిందికి వెళ్లింది. 2019 జూన్‌లో, గాయకుల మేనేజర్‌గా పేరున్న స్కూటర్ బ్రాన్ సంస్థ బిగ్ మెషీన్‌ను కొనేయడంతో ఆమె తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ అటే పోయాయి. మరుసటి ఏడాది అవి షామ్‌రాక్ అనే పెట్టుబడి సంస్థ చేతికి మారాయి. ఇక్కడి నుంచి ద్రోహం, పగ, ప్రతీకారం అంటూ కథ అల్లేవారే ఎక్కువ. నాకు మాత్రం ఈ కథలో మనుషుల కన్నా కాగితాలే ఆసక్తికరంగా కనిపిస్తాయి.

రికార్డయిన ప్రతి పాటలోనూ రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ కలిసిన కూర్పు ఒకటి. ఆ కూర్పును ఒకానొక రోజు స్టూడియోలో పాడి పట్టిన రికార్డింగ్ రెండోది. మాస్టర్ అంటున్నది ఈ రెండోదాన్నే. పాత ఆల్బమ్‌ల రికార్డింగులు లేబుల్ సొత్తు. కానీ ఆ పాటలు రాసినవారిలో ఆమె ఉంది కనుక కూర్పు మీద హక్కు ఆమె దగ్గరే మిగిలింది. ఒక సినిమాలోనో వ్యాపార ప్రకటనలోనో పాటను వాడుకోవాలంటే రెండు హక్కుల వాళ్లూ ఒప్పుకోవాలి. అంటే కోట్లు పోసి మాస్టర్లు కొన్నవారు సైతం వాటిని ప్రకటనలకు అమ్ముకోవాలంటే ఆమె గుమ్మం తొక్కక తప్పదు. ఇల్లు చేతికొచ్చింది గానీ, రెండు తాళంచెవుల్లో ఒకటి పాత యజమాని కొంగుముడిలోనే ఉండిపోయిందన్నమాట.

రెండో సంగతి ఇంకా పసందైనది. లేబుళ్ల ఒప్పందాల్లో, ఫలానా గడువు దాటేదాకా అవే పాటలను మరోసారి రికార్డు చేయరాదన్న నిబంధన మామూలుగా ఉంటుంది. గడువంటూ ఉన్నాక అది తీరే రోజు కూడా ఉంటుంది. తొలి ఐదు ఆల్బమ్‌లను 2020 నవంబరు నుంచి మళ్లీ పాడుకునే వీలు తన ఒప్పందంలో ఉందని ఆమె 2019లోనే టీవీలో బాహాటంగా చెప్పింది. అన్నట్లుగానే 2021 ఏప్రిల్‌లో 'ఫియర్‌లెస్' కొత్త రికార్డింగ్ విడుదలైంది. అదే ఏడాది 'రెడ్', 2023లో మరో రెండు వచ్చాయి.

ఫోన్‌లో ఆమె పాత పాట ఏదైనా వెతికి చూడండి. ఒకే పాట జాబితాలో రెండు వరసల్లో కనిపిస్తుంది. పేరు అదే, గొంతు అదే, వాయిద్యాలు కూడా చెవికి పెద్దగా తేడా తెలియనంత దగ్గర. ఒక వరసలో మాత్రం పేరు పక్కన బ్రాకెట్లో 'టేలర్స్ వెర్షన్' అని ఉంటుంది. నాలుగేళ్లపాటు ఆ మాటలున్న వరస మీద వేలు పెడితే మాస్టర్ ఆదాయం ఆమెకు, లేని వరస మీద పెడితే పాత మాస్టర్ల యజమానికి చేరింది. కాపీరైటు చట్టం గురించి ఒక్క వాక్యం కూడా చదవని అభిమాని, వేలు ఆ మాటల దగ్గరికే తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నాడు. పైగా ఆమె పాతదానికి నకలు తీసి ఊరుకోలేదు. అప్పట్లో పక్కన పెట్టేసిన పాటలను కూడా వాటికి జత చేసింది. 'ఆల్ టూ వెల్' అనే పాత పాట 2021లో పది నిమిషాల నిడివితో తిరిగొచ్చి అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆ స్థానం అందుకున్న పాటల్లో అంత పొడవైనది అంతకుముందు లేదు.

చివరికి 2025 మేలో ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లనూ షామ్‌రాక్ నుంచి ఆమే కొనుక్కుంది. టూర్ విజయమే దీన్ని సాధ్యం చేసిందని అప్పుడు అభిమానులకు రాసిన లేఖలో చెప్పింది. ఆరో ఆల్బమ్ 'రెప్యుటేషన్'ను పావు వంతు కూడా మళ్లీ రికార్డు చేయలేకపోయానని అదే లేఖలో ఒప్పుకుంది. (ఈ ఒప్పుకోలు నాకు ఆ లేఖలో అన్నిటికన్నా నచ్చిన భాగం.)

ఇదంతా డబ్బున్నవారి ఆట అనే వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. ఆమె తండ్రి స్టాక్ బ్రోకర్, బిగ్ మెషీన్‌లో ఆయనకు చిన్న వాటా ఉండేది. న్యాయవాదులకు కొదవ లేదు, ఏళ్ల తరబడి ఆగే స్తోమత ఉంది. సరే, కానీ తొలి ఒప్పందం నాటికి ఆమె కూడా అందరిలాగే మాస్టర్లను వదులుకున్న కొత్త గాయనే కదా. కీర్తిలో ఆమెకు ఏమాత్రం తీసిపోని అమెరికన్ గాయకుడు ప్రిన్స్, 1990ల్లో తన లేబుల్ వార్నర్ మీద కోపంతో చెంప మీద 'బానిస' అని రాసుకుని తిరిగాడు, పేరు కూడా వదులుకున్నాడు. తన మాస్టర్ల మీద ఆయనకు హక్కు దక్కేసరికి 2014 వచ్చింది. ఆమెకు కలిసివచ్చింది పాటలు స్వయంగా రాయడం. 2010 నాటి మూడో ఆల్బమ్‌ను సహరచయితలు లేకుండా ఒంటరిగా రాసుకుంది. పనిలో ఏ భాగం తన పేరున మిగులుతుందో ఆ భాగం మీద చేయి వేసి ఉంచడమన్నది స్తోమతతో సంబంధం లేని తెలివి.

మన కాలపు ఉద్యోగాలకు ఈ తెలివి సంగీతంలో కన్నా ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం. ఆఫర్ లెటర్ రాగానే జీతం అంకె ఉన్న పేజీ దగ్గర ఆగి, మిగతా పేజీలను బొటనవేలితో సర్రున కిందికి జరిపి, 'అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్కు పెట్టేవాళ్లమే అందరమూ. ఒక ఉపాధ్యాయురాలు ఆన్‌లైన్ సంస్థ కోసం కెమెరా ముందు వందల గంటల పాఠాలు చెబుతుంది. ఆమె ఉద్యోగం మానేసినా ఆ ముఖం, ఆ గొంతు అక్కడ పాఠం చెబుతూనే ఉంటాయి, అదే గొంతును రేపు ఒక యంత్రానికి నేర్పినా నేర్పుతారు. అమెరికా 1976 కాపీరైటు చట్టం ప్రకారం, హక్కును రాసిచ్చిన రచయిత 35 ఏళ్ల తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఉద్యోగ విధిగా చేసిన పనికి ఆ వీలు లేదు, చట్టం దృష్టిలో దాని రచయిత యజమానే. రాసివ్వడానికీ ఉద్యోగంగా చేయడానికీ మధ్య ఉన్న ఈ తేడాను ఏ డిగ్రీ కోర్సులోనైనా మొదటి ఏడాదే చెప్పాలి. నైపుణ్యాలు నేర్పే సంస్థలు వీధికొకటి వెలిశాయి గానీ, ఆ నైపుణ్యం ఫలం ఎవరి ఖాతాలో పడుతుందో చదివి తెలుసుకోవడం నేర్పేవారు లేరు.

ఆమె కథ నుంచి అందరికన్నా ముందు పాఠం నేర్చుకున్నది లేబుళ్ల న్యాయవాదులే. మళ్లీ రికార్డు చేయకూడదన్న గడువును కొత్త ఒప్పందాల్లో బాగా పెంచాలని పెద్ద లేబుళ్లు చూస్తున్నట్లు 2023లోనే వార్తలు వచ్చాయి. ఇవాళ ఒక పదిహేనేళ్ల గాయని అదే బల్ల ముందు కూర్చుంటే, ఆమె ముందుకు జరిపే కాగితంలో ఆ గడువు టేలర్ స్విఫ్ట్ సంతకం పెట్టిన నాటికన్నా పొడవుగా ఉండే అవకాశమే ఎక్కువ.