పెదనాయన అటక, ప్రపంచ శాంతి

హేగ్ నగరంలో ఉండే రసాయనాయుధ నిషేధ సంస్థ వారు ఏ కారణం చేతనో ఇంతవరకూ మా ఊరిని సంప్రదించలేదు. 2013లో వాళ్లకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు కూడా అల్లూరు వైపు ఒక కార్డు ముక్క రాలేదు. పోనీలే, పెద్దవాళ్లకు సవాలక్ష పనులుంటాయి. అడగకపోయినా చెప్పడం నెల్లూరోళ్లకు పుట్టుకతో వచ్చిన గుణం కాబట్టి, మా పెదనాయన అటక మీది నిల్వలను మేం స్వాధీనం చేసుకుని వదిలించుకున్న అనుభవాన్ని ప్రపంచ దేశాల సౌకర్యార్థం ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు నిల్వల సంగతి. మాది మొదట వరి, తర్వాత రొయ్య. వరి రోజుల్లో కొన్న పురుగుమందుల్లో వాడగా మిగిలినదాన్నల్లా పెదనాయన అటకెక్కించాడు. దోమపోటు ఏ ఏడు వస్తుందో ఎవడికి తెలుసు? కొన్నాళ్లకు చేలన్నీ గుంటలయ్యాయి. దోమ పోయింది, మందు మిగిలింది. రెండు ఎండ్రిన్ సీసాలు, గడ్డకట్టిన బీహెచ్‌సీ పొడి సంచి ఒకటి, మూతలు తుప్పు పట్టిన మోనోక్రోటోఫాస్ డబ్బాలు బోలెడు. ఒక డబ్బా మీది పుర్రె బొమ్మలో ఒక కన్నూ రెండు పళ్లూ మాత్రం మిగిలాయి. తక్కిన కాగితాన్ని చెదలు తినేశాయి. చెదలకు ఏమీ కాలేదు. మందు పవరెంతో అక్కడే తెలిసిపోతోంది గానీ, ఆయుధాల విషయంలో పవరు కన్నా పరువు ముఖ్యం.

పురుగుమందు డబ్బాని పట్టుకుని సామూహిక వినాశనం అంటావేమిటని పట్నం పాఠకులు నవ్వొచ్చు. నవ్వేముందు ఇది వినండి. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ అనే రసాయన శాస్త్రవేత్త పంట పురుగుల్ని చంపే మందు కోసం వెతుకుతుంటే టాబున్ దొరికింది. రెండేళ్లకు సారిన్. రెండూ మనిషి నరాల్ని పట్టేసే విషాలు. ఆ చేత్తోనే ఆయన తర్వాత పారాథియాన్ అనే పురుగుమందు కూడా చేశాడు. అంటే మిలిట్రీ గోడౌన్లో సరుకూ, మా అటక మీది మోనోక్రోటోఫాసూ దాయాదులు. ఒకడు పట్టాళంలో చేరాడు, ఒకడు సేద్యంలో ఉండిపోయాడు. ఇద్దరి పనీ ఒకటే. కండరానికి 'ఇక చాల్లే' అని చెప్పే ఎంజైమును కట్టి పడేయడం.

అంతర్జాతీయ పద్ధతిలో మొదటి మెట్టు ప్రకటన. ఎవరి దగ్గర ఏముందో వాళ్లే నోరు విప్పి చెప్పాలి. నేను తనిఖీ అధికారి హోదాలో చాప మీద కూర్చుని అడిగాను.

"పెదనాయనా, అటక మీద ఏముండాయి?"

"ఏంలేదబ్బయ్యా. పాత బిందెలు."

ఈ మాటకు ఆయన్ని తప్పు పట్టను. 1992 ఆగస్టులో మనమూ పాకిస్తానూ ఢిల్లీలో కూర్చుని, రసాయనాయుధాలు తయారు చెయ్యం, సంపాదించం అని ఉమ్మడి ప్రకటన చేశాం. 1997 ఏప్రిల్లో వాటిని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చింది. జూన్లో మన దేశమే లేచి, మా దగ్గర 1,044 టన్నుల మస్టర్డ్ ఉంది అని చెప్పింది. మస్టర్డ్ అంటే పచ్చట్లో వేసే ఆవపిండి కాదు, ఒళ్లంతా బొబ్బలెక్కించే గంధకపు విషం. అయినా ఒప్పుకోవడమే గొప్ప. ఒప్పుకున్నాక 2009 మార్చికల్లా మొత్తం నాశనం చేసి చూపించాం కూడా. మన ఊళ్లల్లో ఇది ఎంతమందికి తెలుసు? శ్రీహరికోటలో రాకెట్టు పైకి లేస్తే పిల్లా జెల్లా మిద్దెలెక్కి చూస్తాం. వెయ్యి టన్నుల విషం అటక దిగితే తలెత్తి చూసినవాడు లేడు.

దాచినవాడు ఉండగానే అడగడం మంచిదని అల్బేనియా కథ చెబుతుంది. ఆ దేశాన్ని నలభై ఏళ్లు ఏలిన ఎన్వర్ హోజా 1985లో పోయాడు. కొండల్లోని బంకర్లలో 16 టన్నుల రసాయనాలున్నాయన్న సంగతి ఆయనతోపాటే అందరి బుర్రల్లోంచీ పోయింది. దాదాపు ఇరవై ఏళ్లకు బయటపడితే వాళ్లే బిత్తరపోయారు. పాపం, చిన్న దేశం అందామా? అమెరికాలో 2014లో, వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో, ప్రభుత్వ పరిశోధనశాల గది ఒకటి ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెలో మశూచి సీసాలు ఆరు దొరికాయి. భూమ్మీద మశూచి పోయిందని 1980లో ప్రకటించారు. ఆ వైరస్ లోకం మొత్తానికి రెండే రెండు చోట్ల, తాళాల మీద తాళాలేసుకుని ఉండాలి. ఇవి 1950ల నాటి సీసాలు. రెండిటిలో వైరస్ ఇంకా బతికే ఉంది. ఎంత గొప్ప సంసారానికైనా అటక అటకే.

ఇక భద్రత. మా అటక తలుపుకు తాళం ఉంది. తుప్పు పట్టి, నొక్కితే ఊడొచ్చే తాళం. తాళంచెవి ఎక్కడని వెతకనక్కర్లేదు, తలుపు పక్కనే మేకుకు వేలాడుతుంటుంది. ఇదేం భద్రత అని నేను చిరాకు పడుతుండగా కజకస్తాన్ గుర్తొచ్చింది. సోవియట్ యూనియన్ కూలాక అక్కడి ఒక ఫ్యాక్టరీలో 600 కిలోల బాంబు రకం యురేనియం మిగిలిపోయింది. దాని తలుపుకూ ఒక పాతకాలం తాళంకప్పే. 1994లో అమెరికా వాళ్లు పెద్ద విమానాలు తెచ్చి గుట్టుగా మోసుకుపోయారు. ఇంకో ముచ్చట ఉంది. 1993లో రష్యాలో మర్మాన్స్క్ దగ్గర ఒక నౌకాదళ అధికారి కంచె సందులోంచి దూరి, తాళం కోసి, జలాంతర్గాములకు వాడే యురేనియం నాలుగున్నర కిలోలు ఎత్తుకెళ్లి గ్యారేజీలో దాచుకున్నాడు. కొనేవాడు దొరక్క దొరికిపోయాడు. కేసు చూసిన మిలిట్రీ ప్రాసిక్యూటరు, ఈ సరుకు కన్నా బంగాళాదుంపలకే కాపలా గట్టిగా ఉంటుందన్నాడు. మాకైతే రొయ్యలకు. గుంట గట్టు మీద గుడిసె, రాత్రి కాపలా మనిషి, రెండు కుక్కలు, సీసీ కెమెరా. గుంట నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల కేబులు కోసుకుపోయే దొంగల పుణ్యమా అని మా రొయ్యకున్న రక్షణ ఆనాటి రష్యా యురేనియానికి లేదు.

సరే, ఉన్నాయని తేలింది. దించడమే తరువాయి. అసలు పేచీ ఇక్కడొచ్చింది.

పంపకాలయ్యాక ఇల్లు రెండు వాకిళ్లయింది. ఉత్తరం వైపు పెదనాయన, దక్షిణం వైపు మా నాయన. నాయనకూ ఒక అటక ఉంది. అందులో ఏముందో ఈ వ్యాసకర్తకు కూడా తెలియదు. పెదనాయన షరతు ఒకటే: "మీ నాయన్ని ముందు దించమను." నాయన జవాబు: "పెద్దోడు గదా, ఆయన్నే దించమను." వినడానికి ఇది అన్నదమ్ముల రభసలా ఉంటుంది గానీ, అక్షరం పొల్లు పోకుండా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం. 1970 నుంచి అమల్లో ఉంది. లేనివాళ్లు చేసుకోకూడదని అందులో ఉంది. ఉన్న అయిదుగురు తగ్గించుకునేందుకు చిత్తశుద్ధితో మాట్లాడుకోవాలి అని ఆరో అధికరణంలో రాసుకున్నారు. చిత్తశుద్ధితో మాట్లాడుతూనే ఉన్నారు. బాంబులు ఇప్పటికీ 12,000కు పైనే. బాంబులకు హద్దు పెడుతూ అమెరికా, రష్యా 2010లో రాసుకున్న చివరి పత్రాన్ని 2023లో రష్యా పక్కన పెట్టింది. దాని గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. పొడిగించుకుందామని కూర్చుంటే, ముందు నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అనుకున్నారేమో.

పెదనాయన ఊరికే మొండికెయ్యడు. రోజూ టీ అంగట్లో పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ల దాకా చదివే మనిషి. వేళ్లు మడిచి లెక్క చెప్పాడు.

"లిబియా గడాఫీ 2003లో అంతా ఇచ్చేస్తానన్నాడు. 2011లో ఏమైనాడు?"

"పోయాడు పెదనాయనా."

"ఉక్రెయినోళ్లు 1994లో బుడాపెస్టులో సంతకం పెట్టి, ఉండే బాంబులన్నీ రష్యాకే పంపించినారు. ఆళ్ల గడ్డకు హామీ ఇచ్చినోళ్లల్లో ఆ రష్యా కూడా ఉండె. తర్వాత ఎవురొచ్చి మీద పడినారు?"

"రష్యానే."

"మరి నన్ను దించమంటావేందిరా?"

తనిఖీ అధికారికి గొంతులో వెలక్కాయ పడింది. దక్షిణాఫ్రికా ఉందిగా అన్నాను. వాళ్లు ఆరు బాంబులు చేసుకుని, ఎవరూ అడక్కుండానే విప్పేసి, అంతా అయ్యాక 1993 మార్చిలో పార్లమెంటులో చెప్పారు. దొంగతనంగా వండుకుని, తినకుండా పారబోసి, గిన్నె తోమి బోర్లించాక ఇరుగుపొరుగును పిలిచి చెప్పినట్టు. పెదనాయన దానికీ ఒక నవ్వు నవ్వాడు. ఇరాక్ సంగతెత్తితే నాకే నష్టమని తెలిసీ ఎత్తాను. ఇరాక్ అటక ఖాళీ. ఖాళీ అని ఇరాన్‌కు తెలియడం ఇష్టం లేక సద్దాం గుంభనంగా ఉండిపోయాడు. ఆ గుంభనం చూసి 2003లో ఇల్లే పడగొట్టారు. రాళ్లన్నీ ఎత్తి వెతికినా నిల్వలేమీ దొరకలేదు. "అట్టనా," అని పెదనాయన చాలాసేపు గమ్మునుండిపోయాడు. ఆ మౌనాన్ని నేను అంగీకారం అనుకున్నాను. అది వేరే ఆలోచన అని తర్వాత గానీ తెలియలేదు.

చర్చలు విఫలమైన తొమ్మిదో రోజున, మనవడు బంతి కోసం అటకెక్కాడు. పెద్దమ్మ చూసింది. చీపురు చేతిలోనే ఉంది. "పొద్దుగూకేలోపల ఆ దరిద్రమంతా దిగాల," అంది. దిగింది. ఐక్యరాజ్యసమితిలో వీటోలు అయిదున్నాయి గానీ పెద్దమ్మ లేదు, లోటంతా అక్కడుంది.

దించేటప్పుడు పద్ధతి పాటించాం. ముక్కుకు తువ్వాళ్లు, చేతులకు గుంటలో దిగేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు. మనవడి లెక్కల నోటు పుస్తకంలో నేను పద్దు రాశాను. పెదనాయన నోటిలెక్క ప్రకారం డబ్బాలు పద్నాలుగు. దిగినవి పదమూడు. నా తనిఖీ అక్కడ ఆగిపోయింది. ఈ ఒక్క డబ్బా తేడాని తేలిగ్గా తీసుకునేవాళ్లు సిరియా వైపు చూడాలి. 2013లో రసాయనాయుధ నిషేధ ఒప్పందంలో చేరి, 1,300 టన్నులు అప్పగించి, అయిపోయిందన్నారు. 2017 ఏప్రిల్లో ఖాన్ షేఖూన్ అనే ఊరి మీద సారిన్ పడింది. పద్దులో లేనిదే ప్రాణం తీస్తుంది. మా పద్నాలుగోది మర్నాడు దొరికింది. పెద్దమ్మే ఎప్పుడో కడిగి, అడుగున చిల్లు పెట్టి, కనకాంబరం మొక్క నాటింది. మొక్క ఏపుగా ఉంది. స్వాధీనం చేసుకుంటానంటే ఒప్పుకోలేదు.

దించాక అసలు నరకం మొదలు. ఎక్కడ పెట్టాలి? ఒక ఆఫీసుకు పోతే, మా రిజిస్టర్లో లేని సరుకు మేం తీసుకోం అన్నారు. ఇంకో ఆఫీసులో, అది వ్యవసాయం కాదు పర్యావరణం అన్నారు. అమ్మినవాడు, బిల్లుందా అన్నాడు. ముప్పై ఏళ్ల నాటి బిల్లు! డబ్బాలన్నీ ట్రాక్టరు ట్రక్కులో, పట్ట కింద, పదకొండు రోజులు వీధి చివర నిలబడ్డాయి. పక్కవీధి వాళ్లు మా వైపు వద్దని గొడవ. సిరియా సరుక్కీ సరిగ్గా ఇదే గతి పట్టింది. అందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనదాన్ని మా గడ్డ మీద నాశనం చేసుకోండి అన్న దేశం ఒక్కటీ లేదు. అల్బేనియాని అడిగారు. అందరికంటే ముందు, 2007లోనే, తన నిల్వ వదిలించుకున్న అనుభవశాలి కదా. అక్కడి జనం రోడ్డెక్కి, మీకో దణ్ణం అన్నారు. చివరకు కేప్ రే అనే ఓడలో యంత్రాలు బిగించి, మధ్యధరా సముద్రం నడిమధ్యన, 2014 ఎండాకాలంలో, దాదాపు 600 టన్నులు నిర్వీర్యం చేశారు. మంత్రం పెద్దదేం కాదు. మస్టర్డ్‌కు వేణ్నీళ్లు, సారిన్ ముడిసరుకుకు నీళ్లూ కాస్టిక్ సోడా. మా దగ్గర సముద్రం ఉంది, వేణ్నీళ్లున్నాయి. ఓడ లేదు. ఆఖరికి మా బావమరిది పనిచేసే ఫ్యాక్టరీ నుంచి విషపు చెత్త మోసే లారీ నెలకోసారి పోతుందని తెలిసి, వాళ్లను బతిమాలి ఎక్కించాం.

పదకొండు రోజులకే మేం అలిసిపోయాం. లోకం మొత్తం ప్రకటించిన రసాయనాయుధాలు 72,304 టన్నులు. చివరి విషపు రాకెట్టు అమెరికాలో, కెంటకీలో, 2023 జులై 7న నాశనమైంది. మొదట పెట్టుకున్న గడువు 2007. అన్నేళ్లూ ఎవరో ఒకరు సీళ్లు చూసి, నంబర్లు సరిచూసి, కెమెరా ముందు ఒక్కో గుండునూ లెక్కపెడుతూ కూర్చున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు, వాళ్ల మీద సినిమాలూ రావు. వ్యంగ్యానికి లొంగని మనుషులు. వాళ్ల దగ్గర నా కలం కాసేపు ఆగిపోయింది, క్షమించాలి.

రష్యా వాళ్ల 20,000 బాంబుల యురేనియాన్ని పలచన చేసి, 1993 నుంచి ఇరవై ఏళ్లు అమెరికా కరెంటు దీపాలు వెలిగించారని కూడా పెదనాయనకు చెప్పాను. "అయితే ఆ డబ్బాల్తో మన ఏరేటర్లు తిప్పుకోనుంటే పొయ్యేదే," అన్నాడు.

లారీ పోయిన వారానికి తుది తనిఖీకి వెళ్లాను. అటక శుభ్రంగా కడిగి ఉంది. లోపల ఏమీ లేదని నాకు తెలుసు, నేనే చిమ్మాను. కానీ తలుపుకు కొత్త తాళం. ఇత్తడిది, అరచేతంత. మేకు ఖాళీగా ఉంది. తాళంచెవి పెదనాయన మొలతాడుకు వేలాడుతోంది.

"ఏముండాది పెదనాయనా లోపల?"

"ఏంలేదబ్బయ్యా."

"మరి తాళం?"

ఆయన దక్షిణం వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఏంలేదని మీ నాయనకు తెలియాల్సిన పనేముంది?"

మా నాయన ఆ సాయంత్రమే మోటారుసైకిలు తీసుకుని అల్లూరు పోయాడు. వచ్చేటప్పుడు సంచిలో బరువుగా ఏదో ఉంది.