నా ఫిర్యాదు నాకు తిరిగి ఇచ్చెయ్యండి

14 నెలల పాటు నా ఫోన్ కెమెరా పాడైపోయి ఉంది. ఏ ఫొటో తీసినా పొగమంచులో తీసినట్టు వచ్చేది. ఎక్కడైనా దీపం కనబడితే దాని చుట్టూ గీతలు సాగేవి. "ఈ కంపెనీలన్నీ ఇంతే, రెండేళ్ళకు పాడయ్యేలా కావాలనే తయారు చేస్తాయి" అని కనిపించినవాళ్ళందరికీ వివరించేవాణ్ణి. విన్నవాళ్ళు తమ ఫోన్ల గోడు వెళ్ళబోసుకునేవాళ్ళు. అలా ఎన్నో స్నేహాలు గట్టిపడ్డాయి.

మొన్న మా మేనకోడలు ఆ ఫోన్ తీసుకుని, వెనక్కి తిప్పి, టీషర్టు అంచుతో లెన్స్ ఒక్కసారి తుడిచింది. "ఇదిగో మామయ్యా, బాగుంది చూడు" అని చేతికిచ్చి వెళ్ళిపోయింది. వేలిముద్రల జిడ్డట!

అప్పటినుంచి నాకు ఎవరితోనూ మాట్లాడటానికి ఏమీ లేదు.

తేలిక పరిష్కారాలు చెప్పేవాళ్ళ వల్ల సమాజానికి జరుగుతున్న నష్టం గురించి ఇంతవరకు ఎవరూ సీరియస్‌గా ఆలోచించలేదు. మనం అరగంట సేపు కష్టం చెప్పుకుంటాం. కంప్యూటర్ ఎప్పుడు నెమ్మదించిందో, అంతకుముందు ఎంత చురుగ్గా ఉండేదో, అది చూసి మనకెంత టెన్షన్ వచ్చిందో పూసగుచ్చినట్టు చెబుతాం. అంతా విని అవతలివాడు "రీస్టార్ట్ చేశావా?" అంటాడు. పరామర్శకు వచ్చి జోకు వేసినట్టుంటుంది. అంతకంటే దారుణం, నిజంగానే అది పనిచేస్తుంది. ప్రోగ్రాములు వాడుకున్న మెమరీని కొన్నిసార్లు తిరిగి ఇవ్వవు. అరువు తీసుకుని మొహం చాటేసే రకం. రీస్టార్ట్ కొడితే లెక్కలన్నీ కొట్టేసి మొదటికొస్తాయి.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పటి కంప్యూటర్లను నడిపిన విండోస్ 95 సాఫ్ట్‌వేర్, ఆన్ చేసినప్పటినుంచి గడిచిన మిల్లీసెకన్లు లెక్కపెట్టుకునే డబ్బా 49.7 రోజులకు నిండిపోయేది, దాంతో కంప్యూటర్ బిగుసుకుపోయేది. ఈ సంగతి 1999 దాకా పెద్దగా ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే అది అన్ని రోజులు ఆగకుండా నడవాలి కదా! 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ బోయింగ్ 787 గురించి ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు కరెంటు తీయకుండా ఉంచితే జనరేటర్లను నడిపే యూనిట్లన్నీ ఒకేసారి ఆగిపోవచ్చు, కాబట్టి మధ్యలో ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి అని. అంతటి విమానం నోరెత్తకుండా ఒప్పుకుంది. నేను విమానాన్ని కాదు, నాకు పౌరుషం ఉంది.

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నానండీ" అనేవాళ్ళకు ఒక శుభవార్త. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ తన లోపలి స్థితిని డిస్క్‌లో దాచుకుని, పొద్దున్నే నిన్నటి తలనొప్పితోనే లేస్తుంది. మొదటినుంచి మొదలవ్వాలంటే రీస్టార్ట్ అనే బటనే నొక్కాలి. దయచేసి ఇది ఎవరికీ చెప్పకండి, ఎన్నో ఇళ్ళలో సంభాషణలు ఆగిపోతాయి.

నాకు తెలిసినాయన ఒకరున్నారు. వైఫై రౌటర్ చూడ్డానికి బాగుండదని ఇనప బీరువా వెనక పెట్టి, పడగ్గదిలో సిగ్నల్ రావట్లేదని నాలుగేళ్ళుగా పోరాడుతున్నారు. ఎత్తులో, ఇంటి మధ్యలో పెట్టమని ఎవరో అంటే ఆ మనిషితో మాటలు మానేశారు. ఇంకొకరి ఫోన్‌లో ఎప్పుడూ జాగా ఉండదు. గ్రూపుల్లో వచ్చిన శుభోదయాలన్నీ వాటంతటవే డౌన్‌లోడ్ అయి కూర్చుంటాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపొచ్చు. ఆయన ఆపరు, మెమరీ ఎక్కువున్న ఫోన్ కొంటారు. చార్జింగ్ పట్టడం లేదని మూడు కేబుళ్ళు మార్చినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. జేబులోని నూగు పిన్ పెట్టే రంధ్రంలో చేరి గట్టిపడుతుంది. ఫోన్ ఆఫ్ చేసి చెక్క పుల్లతో మెల్లగా తీస్తే పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్ళడంలో ఒక హుందాతనం ఉందని మాత్రం ఎవరూ గుర్తించరు.

వీళ్ళను నేను తప్పుపట్టను. సమస్య పెద్దదైతే తప్పు కంపెనీది, ప్రభుత్వానిది, కలికాలానిది. పరిష్కారం చిన్నదైతే తప్పు మనదైపోతుంది. 14 నెలలు లెన్స్ తుడవనివాడు అనిపించుకోవడం కంటే, కార్పొరేట్ కుట్రకు బలైనవాడు అనిపించుకోవడం ఎంత గౌరవం!

అందుకే కొన్ని కనీస నిబంధనలు కోరుతున్నాను. అవతలివాళ్ళ వస్తువు బాగుచేసే ముందు వారం రోజుల నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదు పూర్తిగా, మధ్యలో "అయ్యో" అంటూ వినాలి. బాగుచేశాక అంతే బరువున్న ఇంకో ఫిర్యాదు సమకూర్చాలి. నా కెమెరా విషయంలో ఇవేవీ జరగలేదు.

ఏదో దేవుడి దయవల్ల ఈమధ్య నా లాప్‌టాప్ కాలిపోతోంది, ఫ్యాన్ విమానంలా మోగుతోంది. మెత్తటి దిండు మీద పెట్టుకుని ఇది రాస్తుంటే ఒళ్ళంతా చెమటలు. బల్ల పక్కనే ఉంది, కానీ మనసు ఒప్పుకోవడం లేదు. మోత విని మేనకోడలు ఇటే వస్తోంది. దిండు కనబడకుండా పైన దుప్పటి కప్పాను.