రోడ్డు వెడల్పయితే చాలదు

వీధి బాగుపడాలంటే ముందు రోడ్డు వెడల్పు చేయాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నేను ఒప్పుకోలేను. 2021 ఆగస్టులో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేసినప్పుడు చూశాం కదా, రోడ్డు అంగుళం కూడా పెరగలేదు, జనం మాత్రం పిల్లాపాపలతో తరలివచ్చారు. మా వీధిలో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఉండేది. బొగ్గుల బస్తా పక్కన స్టూలు మీద ఎవరో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటూ, బడి నుంచి వచ్చే పిల్లల్ని పేరుపెట్టి పలకరించేవారు. వెడల్పు పనుల్లో చెట్టు పోయింది, బండీ పోయింది, అక్కడ కూర్చుని పిల్లల్ని కనిపెట్టుకునేవాళ్లూ లేకుండా పోయారు. ఇప్పుడు మా అమ్మాయి రాత్రి 8 గంటలకు ట్యూషన్ నుంచి ఇంటికి చేరేదాకా టెన్షనే. ఇంకా రెండు చెట్లు మిగిలాయి, కింద ఒక కూరగాయల బండి కూడా ఉంది. దయచేసి వాటినైనా ఉండనివ్వండి.