బోరు లెక్కలు బీరువాలకేనా?

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు కాండ్లా రేవులోని కార్యాలయ భవనం కూలలేదు, పక్కకు ఒరిగింది. 32 పైళ్ల (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాల) మీద నిలబెట్టిన ఆ కట్టడాన్ని దెబ్బతీసింది గోడల్లోని లోపం కాదు. పైళ్లు దిగిన బంకమట్టి పొర కింద నీళ్లు నిండిన ఇసుక, ఆ కుదుపుకు పట్టు తప్పడం. 1934 జనవరి 15న తూర్పు నేపాల్‌లో భూమి కంపించినప్పుడు బిహార్‌లోని సీతామఢీ, మధుబని, పూర్ణియా ప్రాంతాల మీదుగా దాదాపు 300 కిలోమీటర్ల పొడవున ఇళ్లు కుంగిపోయి, పొలాల్లో ఇసుక బుగ్గలు లేచాయి. వదులుగా పేరుకున్న ఇసుకలో నీరుంటే, కుదుపుల వేళ ఆ నీటి ఒత్తిడి పెరిగి రేణువుల మధ్య ఒరిపిడి పోతుంది. అప్పటిదాకా భవనాన్ని మోసిన నేల కొద్ది క్షణాలపాటు చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టే పరీక్ష ఏమంత ఖరీదైనదీ కాదు, కొత్తదీ కాదు. ముక్కాలి చట్రం నుంచి 63.5 కిలోల సమ్మెటను 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తూ, నిలువునా రెండు చెక్కలుగా విడివడే గొట్టాన్ని బోరు అడుగున 45 సెంటీమీటర్లు దించుతారు. తవ్వకంలో కదిలిన మట్టి కనుక మొదటి 15 సెంటీమీటర్లను పరిగణించరు. మిగతా 30 సెంటీమీటర్లకు పడిన దెబ్బల సంఖ్యనే ఇంజినీర్లు ఎన్ విలువ అంటారు. మూడు, నాలుగు, ఐదు భూకంప మండలాల్లో (అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ) జలమట్టానికి దిగువన సవరించిన ఎన్ విలువ 5 మీటర్ల లోతు వరకు కనీసం 15, 10 మీటర్లు, అంతకు మించిన లోతులో కనీసం 25 ఉండాలని భూకంపాలను తట్టుకునే కట్టడాలకు ఉద్దేశించిన 2016 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 సూచించింది. అంతకన్నా తక్కువైతే నేలను గట్టిపరచాలి, లేదా పైళ్లను ఆ పొర దాటించి గట్టి నేలలోకి దించాలి.

అయితే ఆ అంకె ఎంత నిజమన్నది తాడు లాగే చేతుల మీద ఆధారపడి ఉంటుంది. సమ్మెట పూర్తి ఎత్తుకు లేవకుండానే పడితే, తాడు కప్పీ మీద ఒరుసుకుంటే గొట్టానికి అందే శక్తి తగ్గుతుంది, దెబ్బలు ఎక్కువ పడతాయి, మెత్తటి నేల కాగితం మీద గట్టి నేలగా మారిపోతుంది. గులకరాయి అడ్డుపడినా అంతే. దీనికి తలకిందులైన తప్పు ఇంకొకటుంది. బోరులోని నీటిమట్టం చుట్టుపక్కల భూగర్భ జలమట్టం కన్నా కిందికి జారితే అడుగున ఇసుక ఉబికి, ఉన్న బలం కూడా లేనట్టు కనిపిస్తుంది. అందుకే దెబ్బల లెక్కతో పాటు సమ్మెటను ఎత్తిన పద్ధతి, ఆ రోజు నీటిమట్టం, గొట్టంలోంచి తీసిన మట్టి స్వభావం బోరు పక్కనే రాయాలి. మన ఊళ్లలో అపార్టుమెంటు దస్త్రాలకు జతపడే నివేదికల్లో ఈ వివరాలు ఎన్నింటిలో ఉంటున్నాయి? పక్క స్థలం నివేదికకే పేరు మార్చి పెట్టడం ఎక్కడా జరగడం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవారెవరు?

భయాన్ని పెంచడం మా ఉద్దేశం కాదు. తెలుగు నేల హిమాలయ ప్రాంతం లాంటిది కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతాల్లో వచ్చినవి 5 నుంచి 6 లోపు తీవ్రత గలవే. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది లోతులోనే గ్రానైట్ తగులుతుంది. చెరువు పూడ్చి లేపిన కాలనీలకు మాత్రం ఆ ధీమా వర్తించదు. కృష్ణా, గోదావరి డెల్టాల పరిస్థితి వేరు. ఒండ్రు, ఇసుక పొరలు, పైపైనే ఉండే నీరు కలిసిన ఆ నేల మీదే విజయవాడ వంటి నగరాలు అంతస్తులు పెంచుకుంటున్నాయి. అదే 2016 ప్రమాణంలో విజయవాడ మూడో మండలంలో ఉంది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో 2001లో బహుళ అంతస్తుల భవనాలు కూలడానికి నిర్మాణ లోపాలతో పాటు సబర్మతి ఒండ్రు నేల కుదుపును పెంచడమూ కారణమే. దూరం ఒక్కటే రక్ష కాదు.

ఇక్కడ మేము అడుగుతున్నది కొత్త పరీక్ష కాదు, ఉన్న పరీక్ష ఫలితాలను పదిమందికీ అందుబాటులో పెట్టమని. 2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో వీధులకు వీధులు బురద ఇసుకలో కూరుకుపోయాక, న్యూజిలాండ్ అక్కడి బోరు పరీక్షల, కోను (మొనదేలిన కడ్డీని నేలలోకి నొక్కి చూసే) పరీక్షల వివరాలన్నింటినీ ఒకే గణాంక నిధిలో చేర్చి ఇంజినీర్లు పంచుకునేలా చేసింది. తర్వాత దాన్ని దేశమంతటికీ విస్తరించింది. మన దగ్గర ఒకే వీధిలో పది భవనాలు లేస్తే పదిసార్లు నేల తవ్వుతారు, పది నివేదికలు పది బీరువాల్లో చేరతాయి. పదకొండో ఇల్లు కట్టుకునేవారికి అవేవీ కనిపించవు. అవన్నీ ఒక పటం మీదకు చేరితే వీధి కింద ఇసుక పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. అంతేకాదు, చుట్టూ ఎన్ విలువ 8, 10 ఉన్నచోట ఒక్క స్థలంలోనే 30 అని రాసిన నివేదిక తనంతట తానే పట్టుబడుతుంది. తనిఖీ సిబ్బందిని పెంచకుండానే దొరికే నిఘా అది.

డబ్బు పెట్టి చేయించుకున్న సమాచారం మాదేనని బిల్డర్లు అనవచ్చు. ఆ వాదనను తోసిపుచ్చనక్కర్లేదు. అనుమతి షరతుల్లో ఫలితాలను బయటపెట్టాలన్న నిబంధన చేర్చేటప్పుడు వారితో మాట్లాడి తేల్చుకోవచ్చు. కానీ వంతెనలకు, ఆసుపత్రులకు, ఓవర్‌హెడ్ ట్యాంకులకు, అమరావతి భవనాలకు ప్రజాధనంతో వేసిన బోర్ల లెక్కలు ఎవరి సొత్తు? వాటిని బయటపెట్టడానికి చట్ట సవరణ కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. రెండు రాష్ట్రాల పురపాలక, రోడ్లు భవనాల శాఖలు ముందుగా తమ దస్త్రాల్లోని ఆ కాగితాలను స్కాన్ చేయించి, ఒక్కో బోరుకు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నీటిమట్టం చేర్చి, జిల్లాల వారీగా వెబ్‌సైట్లో పెట్టాలి.