రీరన్ బటన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రీరన్ బటన్ గారి దివ్య సముఖానికి,

మీరు కులాసాగానే ఉన్నారని తెలుసు. ఫెయిలైన టెస్ట్‌ని మళ్ళీ మొదటి నుంచి నడిపించడమే మీ ఉద్యోగం. ఈ మధ్యాహ్నం కూడా మిమ్మల్ని ఎవరో నొక్కారు, మీరు వెంటనే పలికారు. మా ఆఫీసులో పిలిచిన వెంటనే పలికేది మీరొక్కరే. అందుకు ముందుగా అభినందనలు.

ఇక అసలు సంగతి. కొత్త కెర్నల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అదే) నడిపిన గెస్ట్ ఇన్‌స్టాల్ టెస్ట్ ఈరోజు ఎర్రబడింది, అంటే ఫెయిలైంది. గెస్ట్ అంటే వీఎం (వర్చువల్ మెషీన్, కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్) లోపల నడిచే సిస్టమ్, దాన్ని మోసే అసలు యంత్రం హోస్ట్. ఇన్‌స్టాల్ అయింది, రీబూట్ కూడా అయింది, లాగిన్ ప్రాంప్ట్ మాత్రం రాలేదు. 300 సెకన్లు ఎదురుచూసి టెస్ట్ చేతులెత్తేసింది. కానీ వీఎం ఇంకా బతికే ఉంది. ఫెయిలైన వీఎంని వెంటనే చంపకుండా కాసేపు ఉంచే సెట్టింగ్ ఒకటి ఉంది లెండి, దాన్ని పెట్టించడానికి నేను పట్టని గడ్డం లేదు. నేను సీరియల్ లాగ్ (గెస్ట్ కక్కే సందేశాల ఫైలు) తెరిచి కిందికి దిగుతున్నాను. అట్టడుగున కెర్నల్ స్వయంగా రాసిన వరుస కనపడింది: జేబీడీ2 అనే టాస్క్ 120 సెకన్లకు పైగా బ్లాక్ అయి ఉందట. దాని కింద కాల్ ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్ళి ఆగిందో చెప్పే జాబితా. పై రెండు వరుసలు చదివానో లేదో, పేజీ దానంతటదే రిఫ్రెష్ అయింది. లాగ్ ఉన్న చోట, వీఎంని బూట్ చేసే సీబయోస్ వారి పలకరింపు. అంటే కొత్త వీఎం బూట్ అవుతోంది. పక్కన ఎవరో పెట్టిన కామెంట్: "ఫ్లేకీ. రీరన్ కొట్టా." ఫ్లేకీ అంటే కారణం తెలియకుండా ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్ట్. ఆ కామెంట్‌కి బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి.

కాసేపటికి టెస్ట్ పచ్చగా వచ్చింది. కోడ్ మెర్జ్ అయి అసలు కోడ్‌లో కలిసిపోయింది. అందరూ టీకి వెళ్ళారు.

అయ్యా, ఆ ఒక్క వరుస విలువ ఎంతో మీకు తెలుసా? జేబీడీ2 అంటే ఫైల్ సిస్టమ్ జర్నల్ (డిస్క్ మీది మార్పుల చిట్టా) రాసే కెర్నల్ థ్రెడ్. అది కదలకుండా కూర్చుందంటే డిస్క్ నుంచి రావాల్సిన జవాబు రాలేదని అర్థం. ఆ డిస్క్ నిజం డిస్క్ కాదు. గెస్ట్‌లోని వర్ట్ఐఓ (వీఎంల కోసం చేసిన ఉత్తుత్తి పరికరాల పద్ధతి) డ్రైవర్ రిక్వెస్ట్‌ని ఒక క్యూలో పెడుతుంది, బయటున్న క్యూఈఎంయూ (వీఎంని నడిపే ప్రోగ్రామ్) దాన్ని తీసుకుని హోస్ట్ డిస్క్ మీద పని చేయించి, అయిపోయిందని ఇంటరప్ట్ పంపుతుంది. మరి రిక్వెస్ట్ పెట్టిన సంగతి డ్రైవర్ చెప్పడం మర్చిపోయిందా? క్యూఈఎంయూ మింగేసిందా? ఇంటరప్ట్ దారిలో తప్పిపోయిందా? లేక హోస్ట్ డిస్కే నత్తనడక నడుస్తోందా? అనుమానితులు నలుగురూ అదే యంత్రంలో దొరికిపోయి ఉన్నారు. ఒక్కొక్కరినీ అడగడమే తరువాయి.

ఇదే నిజం సర్వర్ అయితే నేను ఇంత గోల చేసేవాణ్ణి కాదు. అది బిగుసుకుపోతే చాలాసార్లు పవర్ తీసి పెట్టడమే గతి. వీఎం అలా కాదే! దాన్ని ఉన్నదున్నట్టు పాజ్ చెయ్యొచ్చు. వర్ష్ డంప్ అనే కమాండ్ కొట్టి గెస్ట్ మెమరీ మొత్తం ఫైల్లోకి దించుకుని, క్రాష్ టూల్‌తో ఏ రిక్వెస్ట్ ఎక్కడ ఆగిందో తాపీగా చూసుకోవచ్చు. సిస్‌ఆర్‌క్యూ డబ్ల్యూ అనే ప్రత్యేక కీ పంపితే బ్లాక్ అయిన టాస్కులన్నిటినీ కెర్నలే ఏకరువు పెడుతుంది. క్యూఈఎంయూ ప్రాసెస్‌కి జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి "నువ్వేం చేస్తున్నావు నాయనా" అని కూడా అడగొచ్చు. క్యూఈఎంయూ 2003 నుంచి ఉంది. వీఎంకి ప్రాసెసర్ వేగం నేరుగా అందించే కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో కెర్నల్లోకి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎంతోమంది కష్టపడి, చచ్చిన యంత్రాన్ని చెక్కుచెదరకుండా దాచుకునే వీలు మన చేతిలో పెట్టారు.

తమరేం చేశారు? క్యూఈఎంయూ ప్రాసెస్‌ని చంపారు. గెస్ట్ రాసుకున్నదంతా ఉన్న క్యూకౌ2 ఓవర్‌లేని (బేస్ ఇమేజ్ మీద పరిచే డిస్క్ పొర) తుడిచేశారు. కడిగిన ముత్యం లాంటి బేస్ ఇమేజ్ మీద కొత్త ఓవర్‌లే వేశారు. పాత లాగ్ పేరుతోనే కొత్త లాగ్ రాశారు. శవం లేదు, రక్తపు మరక లేదు, హత్య జరిగిందన్న వాడే పిచ్చివాడు!

మీ చుట్టపక్కాల గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. సర్వీస్ లేచిందో లేదో అడగడానికి బద్ధకించి స్లీప్ 60 (60 సెకన్లు ఊరకే ఆగు) అని రాసే మహానుభావులు మీ మేనమామలు. బటన్ మీద ఫాంట్ కాస్త నున్నగా మారితే చాలు, స్క్రీన్ పోలికలు కలవలేదని ఏడ్చే ఇమేజ్ మ్యాచింగ్ వారు మీ వియ్యంకులు. హోస్ట్ మీద లోడ్ పెరిగితే కీ వదిలిన సంగతి గెస్ట్‌కి ఆలస్యంగా చేరుతుంది, ఒక్కసారి కొట్టిన అక్షరం నాలుగుసార్లు పడి పాస్‌వర్డ్ తప్పవుతుంది. పాత స్నాప్‌షాట్ (ముందెప్పుడో దాచిన వీఎం స్థితి) నుంచి లేచిన గెస్ట్, గడియారం నెల వెనక్కి ఉండటంతో, నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని తగువు పెట్టుకుంటుంది. కేవీఎం దొరకని చోట చప్పుడు చేయకుండా ఎమ్యులేషన్‌లోకి (ప్రాసెసర్‌ని కూడా సాఫ్ట్‌వేరే అభినయించడం) జారుకుని, ఎందుకింత నెమ్మదో చెప్పని కాన్ఫిగ్ సరేసరి. వీటన్నిటికీ వేరువేరు మందులున్నాయి. మా టీమ్‌కి తెలిసిన మందు మాత్రం ఒక్కటే: తమరు.

లెక్క చూద్దామా? ఒక బగ్ 20 బూట్లలో ఒకసారి వస్తుందనుకోండి. ఒక రీరన్ ఇస్తే, రెండుసార్లూ వరసగా వచ్చి మన కంట పడే అవకాశం 400లో ఒకటి. రెండు రీరన్లు ఇస్తే 8,000లో ఒకటి. బగ్ ఒక్క ఇసుమంత కూడా తగ్గలేదు, మన చూపు మాత్రం అంత తగ్గింది. కస్టమర్ సర్వర్ మాత్రం ఎప్పట్లాగే 20 బూట్లకోసారి బిగుసుకుంటుంది. అక్కడ రీరన్ కొట్టడానికి అర్ధరాత్రి ఫోన్ వచ్చేది ఎవరికో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మిమ్మల్ని నొక్కే శ్రమ కూడా లేకుండా, ఫెయిలైతే దానంతటదే మళ్ళీ నడిచేలా పెడతారట. మీటింగ్‌లో దాన్ని "స్టెబిలిటీ ఇంప్రూవ్‌మెంట్" అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

న్యాయంగా చెప్పాలంటే నువ్వు పూర్తిగా పనికిమాలినదానివేం కాదు. ప్యాకేజీలు దించుకుంటుండగా మిర్రర్ (ప్యాకేజీల నకళ్ళు ఉంచే సర్వర్) పడిపోతే ఇంకేం చేస్తాం, నిన్నే నొక్కుతాం. రిలీజ్ ముందు రాత్రి నువ్వు లేకపోతే ఇల్లు చేరేవాళ్ళం కాదు. ఆ కృతజ్ఞత నాకుంది. కానీ మిర్రర్ పడిపోవడానికీ కెర్నల్ నోరు తెరిచి "నేను ఇరుక్కుపోయాను" అని చెప్పడానికీ తేడా తెలియదా నీకు? నువ్వు ఉట్టి బటన్‌వి, నీకు తెలియదు. నొక్కినవాడికి తెలియాలి. లాగ్ తెరవకుండా, ఒక్క వరుస చదవకుండా "ఫ్లేకీ" అని రాయడానికి అయిదు సెకన్లు పట్టింది వాడికి. నా మధ్యాహ్నం మొత్తం బూడిదైంది.

నేనేం గొంతెమ్మ కోరికలు కోరలేదు. టెస్ట్ గెస్ట్‌లో హంగ్ టాస్క్ ప్యానిక్ 1 చెయ్యండి, పీవీప్యానిక్ డివైస్ తగిలించండి, వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో ఆన్ క్రాష్ దగ్గర కోర్‌డంప్ డిస్ట్రాయ్ పెట్టండి అన్నాను. అప్పుడు గెస్ట్ ఇరుక్కున్నప్పుడు తనే ప్యానిక్ అవుతుంది (ఇక నడవనని ఆగిపోతుంది), హోస్ట్‌కి కబురు అందుతుంది, డంప్ దాచాకే వీఎం పోతుంది. ఆ తర్వాత నిన్ను ఎన్నిసార్లు నొక్కుకున్నా నాకు అభ్యంతరం లేదు. దీనికి వచ్చిన జవాబు: స్టోరేజ్ లేదు. 2 జీబీ గెస్ట్ మెమరీ దాచడానికి చోటు లేదట. పాసైన టెస్టుల స్క్రీన్ వీడియోలు మాత్రం నెలల తరబడి పేరుకుని ఉన్నాయి. బూట్ మెనూలో ఎవరూ ఏమీ నొక్కని ఆ రమ్యమైన దృశ్యాలు ఎవరు చూస్తున్నారో ఆ దేవుడికే ఎరుక.

సాయంత్రం నుంచి అదే టెస్ట్‌ని లూప్‌లో పెట్టి కూర్చున్నాను. వచ్చినవన్నీ పచ్చనివే. ఎందుకు రావు, ఇప్పుడు హోస్ట్ మీద వేరే వీఎంలు లేవు, డిస్క్ ఖాళీగా ఉంది. మధ్యాహ్నం ఉన్న రద్దీని తిరిగి ఎక్కడ నుంచి తేను? దొరికినవాణ్ణి వదిలేసి, వాడు మళ్ళీ అదే వీధిలోకి వస్తాడని కాపలా కాయమంటున్నావు నన్ను.

ఇట్లు,
చదవాల్సిన కాల్ ట్రేస్‌లో పై రెండు వరుసలు మాత్రమే చదివినవాడు

తా.క.: నేను పెట్టిన టికెట్‌ని ఇప్పుడే మూసేశారు. కారణం: "రీరన్‌లో పాసైంది."